పదో వంతు

తార్నాక ల్యాబులో ఏప్రిల్.
బయట నలభై రెండు డిగ్రీలు.
నా చేతికింద గాజు గొట్టంలో
మైనస్ నలభై.

సామ్దానీ భాయ్ ఆటోలో దింపుతాడు డబ్బాలు:
మొజంజాహీ మార్కెట్ వెనక సమోసాలు వేగిన నూనె,
నాచారం బజ్జీల బండి నూనె.
ఒక్కో మూత తీస్తే ఒక్కో సాయంత్రం వాసన.
"గిదేనా మేడం, విమానంల పోసేది?"
ప్రతిసారీ అడుగుతాడు, ప్రతిసారీ నవ్వుతాడు.
ఆయన విమానం ఎక్కలేదట.
నేనూ ఎక్కలేదని చెప్పలేదు.

మాడిన పిండి నలకలు వడకట్టి,
హైడ్రోజన్ ఒత్తిడిలో ఉడికించి,
పొడుగాటి గొలుసులు విరగ్గొట్టి
నీళ్ళంత తేటగా తీస్తాం.
విమానాల కిరోసిన్ తొమ్మిది పాళ్ళు, ఇది ఒక పాలు.
అమ్మ రాత్రిపూట తోడు పెట్టినట్టే ఉంటుంది,
కాకపోతే ఇక్కడ
పేరుకోకూడదు.

మైనస్ నలభై ఆరు దాటాక
గొట్టం అడుగున తెల్లటి పోగు.
మెల్లగా వెచ్చబరుస్తూ
ఆఖరి పలుకు కరిగేదాకా రెప్ప వేయకూడదు.
అది కరిగిన అంకే లెక్క.
నలభై నాలుగు దగ్గర కరిగింది.
నలభై ఏడు కావాలి.
ఎన్ని శుద్ధులు చేసినా
పూరీల మర్నాటి మూకుడు గుణం పోలేదు దానికి.
రిజిస్టర్లో రాశాను: ఫెయిల్. పదిహేడోసారి.

కౌసల్య మేడం అంటారు:
భూమి పొరల్లోంచి తోడుకున్నది దొంగసొత్తు,
మొక్క నిరుడు గాలిలోంచి తీసుకున్నది చేబదులు.
చేబదులు మండిస్తే ఎక్కడిదక్కడికి చేరుతుంది.
"మరి ఆ తొమ్మిది పాళ్ళూ?" అన్నాను.
ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకున్నారు, చాలాసేపు.
"పదో వంతు కట్టినవాణ్ణి
షావుకారు అరుగు మీదన్నా కూర్చోనిస్తాడు."

సాయంత్రం బుచ్చవ్వ బండి దగ్గర
నల్లబడ్డ మూకుడు మోరీ వైపు వంచుతోంది.
"పారబొయ్యకు అవ్వా! రేపు సామ్దానీ భాయ్ వస్తడు."
"లీటరుకు ఎంతిస్తడు?"
చెప్పాను. మూకుడు వెనక్కి వంచింది.
"గీ మురికి కొనుక్కొని ఏం జేస్తరు బిడ్డా?"
పైకి చూపించాను.
శంషాబాద్ నుంచి లేచింది ఒకటి, ఎర్రగా మిణుకుతూ.
కాసేపట్లో దాని చుట్టూ మైనస్ యాభై.
బుచ్చవ్వ నా వేలు చూసింది, నన్ను చూసింది,
ఇంకో బజ్జీ పొట్లంలో వేసింది, ఊరికే.

ఇంకా మూడు డిగ్రీలు, అనుకుంటున్నా
ముక్కు తుడుచుకుంటూ.
మిర్చి మంట.