మీటరు వెడల్పు

కుయితో ఊరి బయట
ముప్పై ఏళ్ళుగా ఎవరూ దున్నని ఎర్రమట్టి.
గడ్డి మాత్రం నడుమెత్తు పెరిగింది,
దానికి యుద్ధం సంగతి తెలీదు కనుక.

తెల్లారి ఐదింటికి ట్రక్కు దిగగానే
దొరొతెయా కసింద ఏమీ మాట్లాడదు.
బానెట్ మీద పటం పరిచి
వేలితో మాకు దారులు పంచుతుంది.
ఒక్కో దారి మీటరు వెడల్పు.
ఏటవాలుగా, వేళ్ళు అల్లుకుపోయి,
డిటెక్టరు ఊరికూరికే కీచుమనే ఒకటో దారి
ఎప్పుడూ తనదే.
ఎందుకని మేం అడగలేదు.
మొదటి వారం సబినో ఒక్కడే గొణిగాడు:
"పెద్దమ్మకి మన చేతుల మీద నమ్మకం లేదురా."

పని అంటే ఇంతే.
మోకాళ్ళ మీద కూర్చోవాలి.
ముందున్న జానెడు నేల ఏమంటోందో వినాలి.
గడ్డిపోచలు ఒక్కొక్కటే కత్తిరించాలి,
పసివాడికి పుట్టువెంట్రుకలు తీసినంత మెల్లిగా.
కీచుమంటే ఆగాలి. పక్కనుంచి మట్టి గీకాలి.
నూటికి తొంభైతొమ్మిది సార్లు
సార్డీను డబ్బా మూత.
మిగిలిన ఆ ఒక్కదాని కోసం
ప్రతి మూతకీ అదే మర్యాద చెయ్యాలి.

సెప్టెంబరు ఎండ.
చెమట కంట్లోకి దిగి మండిందేమో
ఆమె హెల్మెట్ అద్దం పైకెత్తింది.
మణికట్టుతో తుడుచుకుంది, దించేసింది.
రెండు క్షణాలు, మహా అయితే మూడు.
చూసింది నేనొక్కదాన్నే.
నేను చూశానని ఆమెకి తెలీదు.

విజిల్ మోగింది.
పొడుగ్గా, ఒక్కటే.
వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెనక్కి నడిచి
తెల్లకర్రల అవతల గుమిగూడాం.
ఏదో పెద్దదే దొరికిందనుకున్నాం.

"దారి లోపల అద్దం ఎత్తాను," అంది.
"మేలో ఇదే తప్పుకి
ఫౌస్తాని రోజంతా బయట కూర్చోబెట్టాను."

రిజిస్టరు తెప్పించింది.
ఎర్ర సిరాతో, ఫౌస్తా పేరు కింద,
ఫౌస్తా పేరంత సైజులోనే తన పేరు రాసుకుంది.
పక్క గడిలో ఒకరోజు జీతం కోసేసింది.
విజిల్ తాడు మెడలోంచి తీసి
సబినో మెడలో వేసింది.
వాడు దాన్ని పామును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.
ఒకటో దారి నాకిచ్చింది.

ఆ రోజంతా మాకు నీళ్ళు మోసింది.
పసుప్పచ్చ డబ్బా, కుడి భుజం నుంచి ఎడమకి,
ఎడమ నుంచి కుడికి.
ఫౌస్తాకి గ్లాసు అందించేటప్పుడు
ఇద్దరూ గ్లాసు వైపే చూశారు.
తాగేశాక ఫౌస్తా నవ్వింది, దేనికో.

నేను మాత్రం నవ్వే స్థితిలో లేను.
ఒకటో దారిలో డిటెక్టరు కీచుమంటూనే ఉంది.
సాయంత్రానికి పన్నెండు మీటర్లు,
తొమ్మిది మూతలు, ఒక చెంచా, గుర్రపు నాడా సగం.
అద్దం లోపల చెమట ఏరులైంది.
ఎత్తలేదు.

వానలు ఇంకా దిగకముందే
నేలని ఊరికి అప్పగించారు.
కాగితం మీద రెండు ముద్రలున్నాయి.
ఊరిపెద్ద దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.
ఆడవాళ్ళు మొక్కజొన్న గింజలు మూటగట్టుకొచ్చి
తాడు దగ్గర ఆగిపోయారు.
ముద్రలు చూసి ఎవరు మాత్రం కాలు పెడతారు?

దొరొతెయా బూట్లు విప్పింది.
మేజోళ్ళు మడిచి బూట్లలో కుక్కింది.
అలికిన ఇంట్లో తిరిగినట్టు తిరిగింది,
తిన్నగా కాదు, వంకరటింకరగా,
సబినో దారి మీంచి ఫౌస్తా దారిలోకి.
నా పన్నెండు మీటర్ల దగ్గరకొచ్చి
ఆగింది.
ఎర్రమట్టిలో రెండు మడమలూ గట్టిగా ఆనించి
తాపీగా తలగుడ్డ విప్పి
మళ్ళీ కట్టుకుంది.

నాకు ఊపిరాడలేదు.
నా వెనక
ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడు.