వెనక్కి జరిపిన చీటీ

సిసానా వచ్చిన రోజే గోడకు సున్నం కొట్టించింది.
తడి ఆరకముందే నీలం దారంతో గళ్ళు కట్టింది:
చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి.
"ఇకమీద ఎవరి పనీ వాళ్ళ జేబులో దాగదు" అంది.
పద్నాలుగు మందిమి మేము. నవ్వుకున్నాం.
జార్జియాలో మాంగనీసు తవ్వే లోయ ఇది,
ఇక్కడ అందరికీ సమానంగా అందేది మసి ఒక్కటే.

కింద రొట్టెల బట్టీ, కొండ మీద బడి.
మధ్యన గాలిలో తుప్పుపట్టి వేలాడే పాత రోప్‌వే.
కొత్త దారి వేయమని మా చేతికిచ్చినవి
ఒక చలికాలం, ఒక గోడ,
నాలుగు కట్టల రంగు కాగితాలు.

పసుపు ఉక్కుకి. గులాబీ కరెంటుకి.
ఆకుపచ్చ సిమెంటుకి.
పని ఆగితే, సాయం కావాలంటే
చీటీ మీద ఎర్ర గుండుసూది గుచ్చాలి.
నెల గడిచినా ఆ డబ్బా మూత ఎవరూ తీయలేదు.

చీటీలు మాత్రం బుద్ధిగా నడిచేవి
రోజుకొక జానెడు, కుడివైపుకి.
ఎనిమిదింటికి గోడ ముందు నిలబడి
గులికో తెచ్చిన చిక్కుడుగింజల రొట్టె తుంచుకుంటూ
"అయింది", "అయిపోతోంది", "అయినట్టే" అనేవాళ్ళం.
రాజధాని నుంచి వచ్చిన పర్యవేక్షకుడు
గోడకు ఫోటో తీసుకుని మురిసిపోయాడు.
గోడ మీద దారి సగం లోయ దాటింది.
కొండ మీద మొదటి స్తంభం
నా మోకాలు దాటలేదు.

నేనూ జరిపాను.
నా చీటీ మీద "ఆరో లంగరు" అని ఉంది.
కింద రాయి పగుళ్ళిచ్చిన సంగతి
నాకూ ఆ రాయికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం.
కిటికీ అద్దం మీద మంచు, చేతుల్లో టీ గ్లాసులు.
మల్ఖాజ్ ముందుకొచ్చాడు.
నలభై ఏళ్ళు గిలకలకు గ్రీజు రాసిన మనిషి,
కళ్ళద్దాల కాడ విరిగితే చెవికి టేపుతో అంటించుకునేవాడు.
"అయినవి" గడిలోంచి తన చీటీ పీకాడు.
మధ్య గడిలో ఆగలేదు.
ఎడమ చివరిదాకా తీసుకెళ్ళి అతికించి
బొటనవేలితో రెండుసార్లు నొక్కాడు.

"నిన్న అబద్ధం చెప్పాను.
పెద్ద బేరింగు బిగుసుకుపోయింది.
విప్పడం నాకు రాదు."

రాదు.
ఆ ముక్క ఆయన నోట ఎవరం వినలేదు.
గులికో చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

సిసానా తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు.
సూదుల డబ్బా అందించింది.
మూత తుప్పుకి పట్టేసింది, ఆయన చేతికి రాలేదు.
నోదార్ పళ్ళతో లాగి తీశాడు.

నోదార్ తీశాడు కదా, ఒకటి తనే గుచ్చాడు.
తర్వాత గులికో. తర్వాత వెల్డింగు కుర్రాళ్ళిద్దరూ
ఒకరినొకరు చూసుకుని, ఒకే చీటీకి రెండు.
నా వంతు రాకముందే నా చెయ్యి లేచింది.
తొమ్మిదింటికల్లా పదకొండు సూదులు,
గోడకు ఆటలమ్మ పోసినట్టు.

ఆ రాత్రి ఎవరూ ఉండమనలేదు.
ఏడుగురం బేరింగు చుట్టూ చతికిలబడ్డాం
ఒకరు దీపం, ఒకరు సుత్తి, ఒకరు ఊరికే మాటలు.
కరెంటు వాళ్ళకి ఇనుముతో ఏం పనని
ఎవరూ అడగలేదు.
అన్నాళ్ళూ మా నెత్తి మీద కూర్చున్న పని
దిగి వచ్చి మా మధ్య కూర్చుంది.
రెండింటికి అది "టక్" అంది.
మల్ఖాజ్ ఏదో బూతు మాట అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఏప్రిల్‌లో పర్యవేక్షకుడు మళ్ళీ వచ్చాడు.
గోడ నిండా మరకలు, కొట్టివేతలు, చిరుగులు,
మూడుసార్లు వెనక్కెళ్ళి వచ్చిన చీటీలు.
ఫోటో తీయలేదు.
బయట ఇసుక బస్తాలు ఎక్కించుకుని
ఖాళీ పెట్టె ఒకటి
బడి వైపు మెల్లగా పోతోంది.

ఇంకా మిగిలి ఉన్న చీటీ ఒకటుంది.
"మల్ఖాజ్ అద్దాలకు దారం" అని, ఎవరి రాతో తెలియదు.
ఇవాళ చూస్తే
"చేస్తున్నవి"కీ "అయినవి"కీ మధ్య కట్టిన
నీలం దారం లేదు.
ఆయన చెవి వెనక ముడి కనిపిస్తోంది.
సిసానా చూసింది.
కొత్త దారం కట్టలేదు.