నలభై మూడో నంబరు

చిలకలగూడ చౌరస్తాల
పసుపు పెయింటుతోని డబ్బాలు గీసిన్రు.
ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల ఎడల్పు,
లోపల తెల్లగ నలభై మూడు.
గది నాది.

నవ్వకుండ్రి.
ఇరవై రెండేండ్లు నా గంప ఉరికింది.
మున్సిపాలిటీ బండి హారను ఇనవడితె
పుదీన కట్టలు కొంగుల మూటగట్టి
మందుల దుకాణం మెట్ల ఎన్క
ఊపిరి బిగవట్టి కూసున్న.
ఒకపారి తక్కెడ గుంజుకపోయిన్రు.
ఇడిపిచ్చుకుందామని పోతె
తక్కెడ ఖరీదు కంటె జుర్మానా ఎక్కువ.
ఆడ్నే ఇడిసి వచ్చిన.
నెలదినాలు నా ఎడమచెయ్యి
లేని తక్కెడను ఎత్తుకుంటనే ఉండె.

తర్వాత దరఖాస్తులు, ధర్నా, సర్వే పిలగాడు.
తడి కట్టలు కట్టి కట్టి
వేళ్ల గీతలు అరిగినయని మిషను మొత్తుకుంది.
నాలుగో వేలు ఒప్పుకుంది.
కార్డు వచ్చింది. ఫోటోల నేను
ఎవరినో కొట్టబోతున్నట్టున్న.

మొదటి దినం డబ్బా నడుమ కూసోని
కాళ్లు చాపిన, ఊకెనే.
హారను మోగింది.
ఒళ్లు లేవబోయింది, నేను లేవలే.

రెండో దినం జిరాక్సు పిలగానితోని
కార్డు ఎన్కదిక్కు చదివిపిచ్చిన.
ముందట హక్కు, పెద్ద అక్షరాల.
ఎన్క చీమ తలకాయలంత అక్షరాల
గీత దాటొద్దు, చెత్త పారెయ్యొద్దు,
నడిచేటోళ్లకు తొవ్వ ఇడువాలె,
జాగ కిరాయికియ్యొద్దు.
"గివన్ని ఎవలు చూస్తరు పెద్దమ్మా" అన్నడు వాడు.
నిజమే. ఎవలు చూస్తరు.

కండ్లు కానరాని ఆయన చూసిండు.
డేనియల్ సారు, రైల్వేల గుమాస్తా చేసి దిగినాయన,
పొద్దుగాల ఏడింటికి
కట్టెతోని తట్టుకుంట చర్చి దిక్కు పోతడు.
కట్టె నా గంపకు తాకింది.
గంప గీతకు జానెడు అవుతలున్నది.
"సారీ అమ్మా" అన్నడు.
తప్పు నాది, సారీ ఆయనది.
దినమంత ఆ మాట అరగలే.
గంప ఎన్కకు గుంజిన.
ఆ జానెడు మీద రోజుకు అరవై రూపాయల బేరముండె.
అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది.

ఇగ కేశీబాయి సంగతి.
దేవరకొండ దిక్కుకెల్లి మక్కకంకుల మూటతోని దిగింది.
నంబరు లేదు, కార్డు లేదు,
సర్వే అయిపోయినంక పుట్టిన కష్టం ఆమెది.
నాకూ నలభై నాలుగుకూ నడుమ సందుల
కుంపటి పెట్టి ఊదుతున్నది.
"లే! నీ అయ్య జాగనా ఇది?"
నా నోట్లెకెల్లే వచ్చింది.
గొంతు మాత్రం నాది కాదు,
హారను బండి మీద నిలవడే కాకి చొక్కాయనది.
ఇరవై రెండేండ్లు చెవులల్ల వడి వడి
నా కడుపుల గుడ్లు పెట్టినట్టుంది.

ఆమె లేచింది.
కాలే కుంపటిని ఎట్ల ఎత్తాల్నో తెల్వక
కొంగుతోని పట్టుకుంది.
గా కొంగును నేను గుర్తువట్టిన.

నేనేం దేవతను కాదు, సగం ఇయ్యలే.
రెండడుగులు జరిగిన.
కిరాయి అడగలే. గని చెప్పిన,
కంకి పొట్టు నీ సంచిల నువ్వే ఏసుకో,
ఊడ్చే మల్లీశ్వరికి వారానికి ఇరవై నీ వంతు,
సారు కట్టె సప్పుడైతె కుంపటి జరుపు,
వచ్చే సర్వేకు నేను తోలుకపోత, దరఖాస్తు పెట్టు.
తలకాయ ఊపింది.
మొదటి వారమే ఇరవై ఎగ్గొట్టింది.
నడిరోడ్డు మీద మంచిగ కొట్లాడినం.

నిన్న వానకు పసుపు గీత
ఒక మూలకు చెరిగింది.
యాడిదాంక నాదో, యాడికెల్లి రోడ్డుదో
సూసుకుంట నిలవడ్డ.
ఇంతల
టక్, టక్.
నా చెయ్యి గంప మీద వడ్డది,
ఆమె చెయ్యి కుంపటి మీద.