సగం దిమ్మె

నూట పన్నెండు దిమ్మెలు లెక్కేసి తెప్పించాను.
గోడ చివర్లకి సగాలు కావాలన్న సంగతి
రెండో వరుసకొచ్చేదాకా తట్టలేదు.

తూవూంబాలో మా పెరడు కిందికి జారుతుంది.
వానపడ్డ ప్రతిసారీ ఎర్రమట్టి
బట్టల తీగ దాటి, చెత్త డబ్బాలు దాటి
పక్కింటి గ్లెనిస్ గులాబీల మొదట్లో తేలుతుంది.
ఆవిడ ఒక్కసారీ ఏమీ అనలేదు.
ఆ అనకపోవడమే నాకు అప్పులా ఉండేది.
అందుకే ఈ గోడ.

పెట్రోలు రంపం అద్దెకి తెచ్చాను, రోజుకి తొంభై డాలర్లు.
షాపు కుర్రాడు బ్లేడు అంచు చూపించి
"వజ్రాలున్నాయి, జాగ్రత్త" అన్నాడు.
పెళ్లిలో కూడా నాకెవరూ వజ్రాలు పెట్టలేదు.
మొదటిసారి ఇంటికి తెచ్చుకున్నవి
సాయంత్రం ఐదింటికల్లా తిరిగిచ్చెయ్యాలి.

వారమంతా పళ్ల డాక్టరు పక్కన నిలబడతాను.
ఆయన డ్రిల్లు తిప్పుతుంటే
చెంప పక్కకి లాగి, నీళ్లు పీల్చే గొట్టం పట్టుకుంటాను.
"అయిపోయింది, అయిపోయింది" అంటాను, అవకముందే.
చప్పుడంటే నాకేం కొత్త అనుకున్నాను.
అది దోమ.
ఇది, తాడు లాగితే నాలుగోసారికి మొరిగింది.
మోచేతుల్లో ఇన్ని ఎముకలున్నాయని అప్పుడే తెలిసింది.

పెన్సిలుతో గీత గీశాను. కొలిచాను.
చెరిపి ఇంకోటి గీశాను.
బ్లేడు తాకిన చోట పొగ లేచింది.
పొగ కాదు, పిండి.
ముగ్గుపిండి దీని ముందు రవ్వ.
గాలి లేని ఆదివారం, అది ఎక్కడికీ పోకుండా నిలబడింది.
నిమ్మచెట్టు నెరిసింది. ఆరేసిన దుప్పటి నెరిసింది.
నాలుక మీద, చిన్నప్పుడు పలక నాకిన రుచి.

మొదటి దిమ్మె తెగింది, వంకరగా.
రెండోది సగంలో ఉండగా
కంచె దగ్గర ఏదో ఊగినట్టయింది.
గ్లెనిస్. రెండు చేతులూ ఊపుతోంది.
నోరు ఆడుతోంది, మాట లేదు.
ఆదివారం పూట ఈ మోతేమిటని తిడుతోంది కాబోలు,
రంపం ఆపి, చెవి మూతలు తీసి, సారీ అనబోయాను.

"నీళ్లేవి?" అంది.

నా ముక్కు మీది నీలం మాస్కు చూసింది,
క్లినిక్ నుంచి తెచ్చుకున్నది.
"అది ఉమ్మిని ఆపుతుంది. రాయిని ఆపదు."

రంపం పక్కన ఒక ఇత్తడి ముక్కు ఉంది,
పొద్దుట్నుంచీ అదెందుకో అనుకుంటూనే ఉన్నాను.
ఆవిడ తన తోట గొట్టం కంచె మీదుగా లాగి
టక్కున దానికి తగిలించింది.
వాళ్ల షెడ్డులోంచి
రెండు బుగ్గలున్న మాస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.
లోపలి పట్టీ మీద మార్కరుతో రాసి ఉంది: ట్రెవర్.

"తమ్ముడు. వంటింటి గట్ల రాళ్లు కోసేవాడు.
పొడిగా. పందొమ్మిదేళ్లు."

నేనేమీ అడగలేదు.
"మూడు మెట్లెక్కి కూర్చుంటాడు ఇప్పుడు" అంది
కొళాయి వైపు నడుస్తూ, నా వైపు చూడకుండా.

పంటి మీద నీళ్లు చిమ్మకుండా డ్రిల్లు తాకించరు.
పదకొండేళ్లుగా ఆ నీళ్లు పీలుస్తున్నది ఈ చేయే.

నీళ్లతో కోస్తే పిండి లేవదు.
బూడిదరంగు గంజి కారుతుంది,
బూట్ల మీద, ఎర్రమట్టి మీద, చిన్న చిన్న కాలువలుగా.
గ్లెనిస్ బకెట్టు బోర్లించి దూరంగా కూర్చుంది.
అరచేయి చూపిస్తే నెమ్మది.
పిడికిలి చూపిస్తే ఆపు.
సరిగ్గా తెగిన దిమ్మెకి ఏ సైగా లేదు.

కోసిన దిమ్మెలో రెండో సగం వృథా పోదు,
అదే వరుసలో అటు చివర కూర్చుంటుంది.
ఆ లెక్క కుదిరాక నాకు ఆకలేసింది.

ఐదుకి పది నిమిషాలుండగా రంపం ఇచ్చేశాను.
కుర్రాడు బ్లేడు అంచు వేలితో తడిమి, సరే అన్నాడు.

వంకరగా తెగిన మొదటి రెండు ముక్కలూ
గ్లెనిస్ అడిగి పట్టుకెళ్లింది.
వాళ్ల ముంగిట్లో మొదటి మెట్టు ఎత్తెక్కువ,
దాని ముందు ఇంకో మెట్టు వేస్తుందట.
మెట్లు నాలుగవుతాయి కదా అన్నాను.
"ఎత్తు తగ్గుతుంది" అంది.

రాత్రి తలంటుకుంటే
చెవి మడతలోంచి ఇంకా
తెల్లటి నీళ్లు దిగుతూనే ఉన్నాయి.