మళ్ళీ పెట్టండి

నాకు మిషను ఇచ్చి అప్పటికి ఆరు నెలలు.
సబ్బుబిళ్ళంత ఉంటది, అద్దం కింద ఎర్రటి వెలుగు.
ఊరంటే దానికి బొటనవేళ్ళే.
మొహాలు చూడదు.
ఆ ఏప్రిల్లో మేమూ చూడలా,
కళ్ళ కింద అందరికీ గుడ్డే.

పంచాయతీ వరండా ముందు
సున్నంతో గీసిన గుండ్రాల్లో
చెప్పులు నిలబడి ఉండాయి వరసగా.
మనుషులు గోడ నీడకు పొయ్యారు.
రైతు డబ్బులు పడ్డాయని
పొద్దున్నే ఫోన్లు టింగుమన్న్యాయి.
రెండు వేలు.
బీపీ బిళ్ళలకు కొంత, కాలిన మోటారుకు కొంత,
ఎరువుల కొట్టు బాకీలో
వడ్డీ మీద వడ్డీకి కొంత.

మొదట రమణమ్మ.
వేలు పెట్టింది. మిషను కాసేపు ఆలోచించింది.
సరిపోలలేదు.
కొంగుకు రుద్ది పెట్టింది. సరిపోలలేదు.
నోటి ఆవిరి పట్టబోతే
"గుడ్డ తియ్యొద్దు మే!" అని అరిచినా,
నా అరుపుకు నేనే సిగ్గుపడినా.
ఎడమ చెయ్యి. ఉంగరం వేలు.
ముప్పై ఏళ్ళ నిమ్మముళ్ళు
దేవుడు గీసిన గీతల మీద
వాటి గీతలు అవి గీసుకున్న్యాయి,
మిగిలింది పులుసు తినేసింది.
"ఆధార్ తీసింది కాపు లేని నెల్లో.
అప్పుడు నాకు వేళ్ళుండాయి" అని నవ్వింది.
శానిటైజరు చుక్క వేస్తే
గాట్లలో భగ్గుమన్నా
"నిమ్మకాయ కంటే నయమేలే" అంది.

టీవీలో డాక్టరు రోజుకో నిమ్మకాయ తాగమంటాడు.
దేశమంతా నాలుక చాపి కూర్చోనుంది,
పొదలకూరు యార్డు గేటుకు తాళం.
ఢిల్లీ పోవాల్సిన బస్తాలు
తోటగట్టున పసుపు నించి గోధుమకు,
గోధుమ నించి బూడిదకు తిరిగాయి.
గాలి మళ్ళితే ఊరంతా
ఉప్పు వెయ్యడం మర్చిపోయిన ఊరగాయ.
మేకలు గూడా మొహం తిప్పుకున్న్యాయి.

మధ్యాహ్నానికి మాలకొండయ్య వంతు.
గుండ్రంలో చెప్పులు కాకుండా
తానే నిలబడింది ఆయనొక్కడే.
ఫోను టింగుమనలేదంట,
మిషనుకు తెలిసుంటదేమోనని వచ్చాడు.
రమణమ్మ వేలి కంటే అధ్వాన్నం ఆ వేలు,
ఎట్టనో మొదటిసారికే సరిపోయింది.
పేరొచ్చింది. తండ్రి పేరొచ్చింది.
నిల్వ: పద్దెనిమిది రూపాయల నలభై పైసలు.

"మళ్ళీ పెట్టమంటావా?"
"వద్దు పెద్దాయనా. నువ్వు నువ్వేనని ఒప్పుకుంది."

నాలుగెకరాల తోట, ఏడేళ్ళుగా కౌలు.
పాదులు ఆయనవి, అప్పు ఆయనది,
కుళ్ళిన బస్తాలు ఆయనవి.
పట్టా మాత్రం దర్గామిట్టలో
మేడ మీద బీరువాలో ఉంది.
ఆ మేడలో ఫోను టింగుమనే ఉంటది,
స్నానాల గదిలో ఉండి వినలేదేమో.
కౌలు కార్డుకు సంతకం అడగబోతే
"మనలో మనకు కాయితాలెందుకు కొండయ్యా" అని
కాఫీ ఇప్పించారంట.
"మంచి కాఫీమ్మా, అబద్ధమెందుకు చెప్పాల"
అన్నాడు మాలకొండయ్య.

డబ్బు తీస్తే నాకు కమీషను.
నిల్వ చూసి చెబితే ఏమీ రాదు.
ఆయనకీ నాకూ మధ్య
ఆ రోజు జమా లేదు, ఖర్చూ లేదు.
తువ్వాలు ముడి విప్పి
బల్ల మీద పది కాయలు పోశాడు.
"రసం తాగు మస్తాన్‌బీ,
పొద్దుగూకులూ మందిని ముట్టుకుంటుండావు."

రాత్రి పదీ పిండినా.
మా అత్తకు, పిల్లలకు, గోడవతల దగ్గే ముసలామెకు.
నా గ్లాసులో చక్కెర వెయ్యలేదు,
వెయ్యబుద్ధి కాలేదు.

తెల్లారి మిషను తెరవాలంటే
ముందు నా వేలే పెట్టాల.
పెట్టినా.
సరిపోలలేదు.
చున్నీకి తుడిచి మళ్ళీ పెట్టినా.
ఎర్రటి వెలుగులో నా వేలు
ఎవరిదో వేలు మాదిరి కనపడింది.

మూడోసారికి తెరుచుకుంది.
అప్పటికే వరండా ముందు
చెప్పులు వచ్చి నిలబడి ఉండాయి.