మూడు మీటర్ల సందు

అపార్ట్‌మెంటుకీ ప్రహరీగోడకీ మధ్య
మూడు మీటర్లు వదలాలంట.
గాలికంట, ఎలుతురుకంట,
నిప్పంటుకుంటే ఫైరింజన్ తిరిగేదానికంట.
నేను నిప్పుల పెట్టె పట్టుకోని
పన్నెండేళ్లుగా ఆడే ఉండా.

వేదాయపాళెం దాటినాక ఎడం పక్క రెండో ఈది.
పినాకినీ ఎన్‌క్లేవ్‌లో ఏ ఫ్లాటు పెంచలమ్మా అంటే
ఫ్లాటు కాదయ్యా, పక్కన, అని చెప్తా.

జనం ఎంత మందో ఆఫీసోళ్లు కాయితంలో లెక్కేస్తారు,
నేను చొక్కాల్లో లెక్కేస్తా.
వచ్చిన కొత్తలో రోజుకి ముప్పై.
ఇప్పుడు నూటపది, ఆదివారం రాత్రి
యూనిఫారాలు కలిపితే నూట అరవై.
ఐదంతస్తులకే పర్మిషన్ అన్నారు.
ఆరో అంతస్తు నుంచి నాకు
తెల్ల పంచెలు దిగతా ఉండాయి.
లేని అంతస్తుకి పంచెలెక్కడియ్యని నేనడగలా.
గంజి కూడా పెట్టిచ్చా.

ఆ పక్క బిల్డింగు లేసినాక
మా సందులోకి ఎండ పైటేళ పావుగంటే.
ఆ పావుగంటకి కాచుకోని
మూడో అంతస్తు బాలింత
బిడ్డని కిటికీ ఊచల కాడ పట్టుకుంటాది,
పచ్చకామెర్లంట.
ఈ వంటింట్లో తిరగమాతేస్తే
ఆ వంటింట్లో తుమ్ముతారు.
రెండు పక్కలా ఒకటే సీరియలు.
ఒకామె ఏడుపు రెండు గోడలకి తగిలి
నా నెత్తిన పడతాది.
ఇంకా పడేటియ్యి: క్లిప్పులు, బంతులు,
ఒకసారి ఆవకాయ జాడీ మూత.
ఏసీలు కారతానే ఉంటాయి,
రోహిణి కార్తెలో కూడా మా సందులో వానే.

మొన్న సచివాలయం నుంచి ప్లానింగ్ అమ్మాయి వచ్చింది.
షాహీనా. చిన్నపిల్ల,
చున్నీకి ఒక పక్కే ఇస్త్రీ.
‘అక్కా, ఈ టేపు కొస రవ్వంత పట్టుకుంటావా’ అనింది.
ప్రహరీకి ఆనిచ్చి పట్టుకున్నా.
ఇనప నాలిక సరసరా సాగి
ఆ గోడకి తగిలి ఆగింది.
రెండూ ఇరవై.
మళ్లీ కొలిచింది. రెండూ ఇరవయ్యే.
రాసుకుంది.
తలెత్తి, వేళ్లు మడిచి అంతస్తులు లెక్కబెట్టింది.
ఐదేళ్లూ అయిపోయి
రెండో చెయ్యి ఎత్తాల్సొచ్చింది.
అదీ రాసుకుంది.

నోటీసొచ్చింది.
కింద కార్ల మధ్య కుర్చీలేసి మీటింగ్.
బిల్డరు మాలకొండయ్య ఫోనెత్తలా.
ముందు రోడ్డే నలభై అడుగులని ప్లాన్‌లో ఉండాది,
మెట్లూ ర్యాంపులూ పూలకుండీలూ మింగంగా
ముప్పై ఒకటి మిగిలిందని ఒకాయన.
అందరూ మింగినోళ్లే, మనమొక్కళ్లమేనా అని ఇంకొకాయన.
జరిమానా కడితే సరిపోతాదన్నారు.
ఇంటికింతని పంచుకున్నారు.
లేని ఎనభై సెంటీమీటర్లకి
రశీదు కూడా ఇస్తారంట.

ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ తోసినదాన్ని.
మడత పోగొడతాం గాని
గుడ్డని పెంచలేం కదా.
రశీదుతో పెరగతాదేమో మరి,
నాకు చదువు రాదు.

తీర్మానంలో ఆఖరి ముక్క నాది.
సందు ఖాళీగా ఉంచవలెను.
గోడ కదలదు.
ఆరో అంతస్తు కదలదు.
చక్రాలుండేది నా బండికే.

బొగ్గులార్పి, తోసేముందు
ఎందుకో బండి అడ్డం జానేసి చూసుకున్నా.
నాలుగు జానలు.
సెంటీమీటర్లలో ఎంతవుతాది పాపా అని
షాహీనానడిగితే
టేపు తియ్యకుండానే చెప్పింది,
ఎనభై అక్కా.
ఇద్దరం కాసేపు గోడ వైపు చూశాం.

ఇప్పుడు రోడ్డు మీద ఉండా,
ఆ ముప్పై ఒక్క అడుగుల్లో.
ఆటోలోళ్లు హారన్ కొడతారు.
పైటేళ ఈడ నుంచి చూస్తే
నేను నిలబడే చోట ఎండ నిలబడి
పావుగంటకి లేచి పోతాది.

ఆరో అంతస్తు పంచెలు మాత్రం
రోడ్డు దాకా ఎతుక్కుంటా వచ్చాయి.
ఇస్త్రీ చేసిచ్చా.
ఈసారి గంజి పెట్టలా.