తీగ పీకినా పలికింది

మిర్యాలగూడ బైపాసు మీద వడ్ల లారీలు
వరుసగట్టి నిద్రపోతున్నయి.
మిల్లు నిండ ఉడుకు వడ్ల వాసన.
రాత్రి పదకొండున్నరకు డ్రయ్యర్ ఫ్యాను ఆగింది.
ఐదు నిమిషాలకు దానంతటదే తిరిగింది,
మళ్ల ఆగింది,
ఎవలో చెవిల ఒక మాట చెప్పి
అంతల్నే వద్దన్నట్టు.

తవుడు దుమ్ము పట్టిన ప్యానెల్ డోరు తీసి
లాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకున్న.
పొద్దున బిగించిన కొత్త డ్రైవు,
నేను ఇచ్చిన అడ్రసే, చివర ఇరవై.
రిజిస్టర్ల ఇరవై కాడ ఖాళీ ఉంటె రాసేసిన.
ఇచ్చేముందు ఒక్కసారి పిలిచి చూడలే.
ఇప్పుడు పింగ్ కొడుతున్న.

ఉన్నవా?
ఉన్న.
ఉన్నవా?
ఉన్న.
మూడోసారి సప్పుడు లేదు. నాలుగోసారి, ఉన్న.

డ్రైవు తీగ పీకిన.
చేతిలనే ఉన్నది దాని కొస,
చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగి.
ఉన్నవా?
ఉన్న.

అంత ఉక్కలగూడ వెన్నుల సన్నగ చలి.

"సైదులూ!" అని కేకేసిన, టార్చి కోసం.
ఇద్దరొచ్చిన్రు.
జాన్‌పహాడ్ దర్గకు మొక్కుకున్న తల్లులు
ఈ దిక్కు ఎంతమందో,
ఆ పేరు పిలిస్తె సగం మిల్లు తలెత్తుతది.
అందుకే మేస్త్రి కాశమ్మ ఎన్నడు ఉత్త పేరు పిలువది.
ముందల పనో ఊరో తగిలిస్తది:
బాయిలర్ సైదులు, కాంటా సైదులు, పాలకవీడు సైదులు.
మూడేండ్ల డిప్లొమల నాకు సబ్‌నెట్ గురించి
ఇంత సులువుగ ఎవలు చెప్పలే.

అడ్రసు మనమిచ్చేది. పుట్టుమచ్చ కంపెనీల పడ్తది,
ప్రతి డబ్బాకు ఒకటి.
తెర మీద చూసిన, పలికినోని మచ్చ వేరే.
చివరి నాలుగు అచ్చరాలు అరచేతిల రాసుకొని
బాయిలర్ ఎనుక నుంచి మొదలువెట్టి
ఒక్కొక్క డబ్బా మీద టార్చి కొట్టుకుంట పోయినం,
ముగ్గురం.

నానవోసే తొట్టి పక్కన, గోనెసంచి కింద,
పాత టెంపరేచర్ మీటరు.
స్క్రూడ్రైవర్‌తో తిప్పే చక్రాలు రెండు.
ఒకటి రెండు మీద, ఒకటి సున్న మీద.
మందుల షాపు ప్లాస్టర్ ముక్క మీద నీలి సిరా:
ఇరవై. కదిలియ్యకుండ్రి. ముత్తిలింగం.

ఎవలీ ముత్తిలింగం?
నాకంటె ముందటోడు, అన్నడు బాయిలర్ సైదులు.
చూపు తగ్గి మానేసిండు, హాలియా దిక్కు, అన్నడు కాంటా సైదులు.
రిజిస్టర్ల మాత్రం ఎక్కడ లేడు.
ఆయన పెట్టిన మీటరు ఎవలు అడగకున్నా
తొట్టిల నీళ్ల ఎచ్చదనం చెప్పుకుంటనే ఉన్నది.

కొత్తదానికి నలభై ఏడు ఇచ్చిన.
అది పొద్దున వచ్చింది, దానికేం పట్టింపు.
కరెంటు తీసి పెట్టి, లేవంగనే అడిగిన.
ఇరవై?
ఉన్న.
నలభై ఏడు?
కొంచెం ఆగి, ఉన్న.
ఫ్యాను ఎత్తుకున్నది.

ప్లాస్టర్ అంచు లేస్తె గోటితో అదిమిన.
రిజిస్టర్ల రాసిన:
ఇరవై, నానవోసే తొట్టి, ముత్తిలింగం సారు.
సారు అన్నది కొట్టేద్దామనుకొని
ఉంచిన.

తలుపు కాడ సైదులు ఇద్దరు కొట్లాడుతున్నరు,
టార్చి ఎవలిదని.